కొళవి గూట్లో పచ్చపురుగు

ఎండబెట్టిన మిరపకాయల దగ్గరికి పోవద్దని అత్త అరుగు మీదనుంచే చెప్పింది. చెప్పకపోయినా పోను. బయట చేరిన మూడు రోజులూ పెరటి మూలనున్న తాటాకు పాకలో నా చాప, నా పళ్ళెం, నా చెంబు వేరే. అన్నం పెట్టిన పళ్ళేన్ని ఆమె కట్టెతో నా వైపు తోస్తుంది. మిగిలిన రోజుల్లో తెల్లవారకముందే పేడ ఎత్తడంతో మొదలయ్యే పని పత్తి ఏరే కూలీలకు గంజి కాచి, అందరి ఎంగిలి కంచాలు కడిగేదాకా తెగదు. అంటరాని ఈ మూడు రోజులే నేను ఊరికే కూర్చుని ఒకదాన్ని చూడగలిగేది.

చూడడానికి ఆ నెలలో ఒక గూడు ఉంది. పెరటి వాకిలి పైన కొళవి అనే కందిరీగ కట్టుకుంటూ ఉండింది. దారంలాంటి నడుము, నల్లటి ఒంటి మీద పసుపు. మట్టి ఉండను నోట పట్టుకుని వచ్చి సన్నగా రాగం తీస్తూ పూస్తుంది. ఇంట్లో కొళవి గూడు కడితే ఆ ఇంటి ఆడదానికి కడుపు పండుతుందని, నల్లమట్టితో కడితే మగబిడ్డ, ఎర్రమట్టితో కడితే ఆడబిడ్డ అని మావాళ్ళ నమ్మకం. ఈ అరవదేశపు కోవిల్‌పట్టి చుట్టూ ఎటు చూసినా నల్లరేగడే. పాపం, అది ఎర్రమట్టి ఎక్కడినుంచి తెస్తుంది? ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఆ గూటి వల్లనే నాకు సవతి రావడం ఆగింది.

పుదూరులో ఉన్న మా ఆడబిడ్డ తంగమ్మాళ్ తన కూతురు పట్టమ్మాళ్‌ను నా భర్త రామానుజానికి ఇస్తానని ఎప్పటినుంచో అంటూ ఉంది. మేనమామే గనుక ఎవరికీ తప్పుగా తోచలేదు. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో ముహూర్తం పెట్టుకుందాం అనుకునేసరికి కొళవి వచ్చింది. "అది కట్టుకోనీ. ఏం సెప్తాదో సూసి పెట్టుకుందాము," అంది అత్త. నన్ను ఎవరూ అడగలేదు. ఆ పిల్లను కూడా అడిగి ఉండరు.

నేను మద్రాసులో రెండేళ్ళు ప్రకృతి శాస్త్రం చదివాను. నాన్న మొండిపట్టు పట్టి చదివించాడు. "పుస్తకాలు మోసిన కడుపుకు బిడ్డను మోసే బలం యాడిది?" అని అత్త వచ్చినవాళ్ళందరి ముందూ అంటుంది. వాళ్ళు నవ్వుతారు. నా భర్త కూడా కొంచెం నవ్వుతాడు.

రెండో రోజు ఎండ ఎక్కాక గోడ మీద ఇంకొక పురుగు వాలింది. ఈ పెరట్లో అలాంటిదాన్ని నేను చూడలేదు. నెమలి మెడ రంగు. ఒకసారి పచ్చ, ఒకసారి నీలం. కొళవి ఉన్నంతసేపూ కదలకుండా ఉండి, అది మట్టికి పోగానే మూసేసిన అర మీద ఎక్కింది. మట్టిని కొరికి సన్నని రంధ్రం చేసి, తోక భాగం లోపలికి పెట్టి కాసేపు ఉండిపోయింది. తరువాత ఆ రంధ్రాన్ని అదే మట్టితో పూడ్చి ఎగిరిపోయింది. కొళవి తిరిగివచ్చింది. దానికి ఏమీ తెలియదు. పక్క అర కట్టడం మొదలుపెట్టింది.

కాలేజీ గాజుపెట్టెలో ఇలాంటిది ఒకటి ఉండేది. దాని ఇంగ్లీషు పేరు ఎంత ఆలోచించినా రాలేదు. చేసే పని మాత్రం గుర్తుంది. పరాయి గూట్లో గుడ్డు పెడుతుంది. అక్కడైతే ఒక రెక్క మీద గీత కనిపించినా పదిమందిమి తలలు ఆనించి వాదించుకునేవాళ్ళం. ఇక్కడ "ఇదిగో చూడు" అనడానికి మనిషి లేదు. పశువుల కొట్టం వైపు పోతున్న భర్తను పిలిచి ఆ పురుగు సంగతి చెప్పబోయాను. "పూచ్చి సూసే పొద్దు నీకు దొరికిందే," అని, పాకకు ఎడంగా నడిచిపోయాడు.

నెల తిరిగేలోగా అత్త ఆ గూటికి పసుపు, కుంకుమ పెట్టింది. నాతో బరువులు ఎత్తించడం మానింది. ఒక పూట తన చేత్తో నా తలకు నూనె పెట్టింది. ఆ చేతి వేడికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సుఖం నాకు ఇంకా కావాలనిపించింది.

తంగమ్మాళ్ గూడు చూడడానికి బండి కట్టించుకుని వచ్చిన రోజే మట్టి కదిలింది. అందరం వాకిట్లో నిలబడ్డాం. కొరికిన సందులోంచి పచ్చటి తల బయటికి వచ్చింది. రెక్కలు దులుపుకుంటూ అది గోడ మీద కూర్చుంది.

"ఇదేమి పూచ్చి? కొళవి గాదే," అంది తంగమ్మాళ్.

అత్త నా వైపు తిరిగింది. "నువ్వు సదివిందానివి గదా. ఏందమ్మి ఇది?"

ఈ ఇంటికి వచ్చాక నాకు తెలిసినదాన్ని నన్ను అడగడం అదే మొదలు. కొళవి పిల్ల మొదట పచ్చగానే ఉంటుందని నేనంటే నమ్మేవాళ్ళు. నా భర్త స్తంభానికి ఆనుకుని నా నోటివైపే చూస్తున్నాడు. నాకు కావలసిందల్లా ఒక చిన్న అబద్ధం. కానీ వాళ్ళు అడిగింది నా చదువును. నా దగ్గర మిగిలింది అదొక్కటే.

"ఇది కొళవి బిడ్డ గాదత్తా. ఇంకోదాని బిడ్డ. కొళవి పిల్లను తిని పెరిగింది. గుడ్డు పెట్టేటప్పుడు నేను సూసినాను."

అత్త గూటి వైపు ఇంకొకసారి చూడలేదు. తంగమ్మాళ్ కొంగు సవరించుకుంది. బండి కదిలే లోపల తై నెలే ఖాయమైంది.

వాళ్ళను సాగనంపి వచ్చి ఆయన అరుగు మీద కూర్చున్నాడు. నా మీద జాలిపడినట్టు, "కొళవే అని ఉంటే ఏమి పోయింది? ఇంకో ఏడు గడిసేది గదా," అన్నాడు.

"మీరు వద్దని ఉంటే?" అన్నాను.

ఆయన వీధి వైపు చూశాడు. చెప్పడానికి ఎంత పొద్దు కావాలో అంతా ఇచ్చాను. చివరికి నోరు తెరిచి, దాహంగా ఉంది, నీళ్ళు తెమ్మన్నాడు.

కడవ ఎక్కడుందో చెప్పాను.