స్ప్రింగ్ లేని కత్తి

మా ఆయన భానుప్రకాష్‌కి కొబ్బరికాయ కొట్టడం రాదు గానీ కత్తులు సేకరిస్తారు. ఆ ఆదివారం మేముండే ఇర్వింగ్ ఊళ్లో పాత సామాన్ల సంతకి తీసుకెళ్లి, పిడి రెండు రెక్కల్లా విచ్చుకునే బటర్‌ఫ్లై కత్తి ఎంచుకోవడానికి నన్ను గంటసేపు నిలబెట్టారు. కొత్తవి చేతిలో సరిగ్గా తిరగవట. చివరికి ఇత్తడి పిడి ఉన్న ఒక పాతదాని మీద మనసు పడ్డారు.

"దీనికి స్ప్రింగ్ లేదు లీలా. చేత్తో విప్పితేనే తెరుచుకుంటుంది, సేఫ్," అన్నారు.

అమ్మే ముసలాయన దాన్ని అందించబోయాడు.

"బల్ల మీద పెట్టమనండి. కత్తి చేతిలోంచి తీసుకుంటే గొడవలొస్తాయి," అన్నాను.

"ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి ఇవేం మాటలు?" అంటూ చేత్తోనే అందుకున్నారు.

మర్నాటి నుంచి, రెక్కలు మూసి కొక్కెం పెట్టి డ్రాయర్లో దాచిన కత్తి పొద్దున్నే డైనింగ్ టేబుల్ మీద విచ్చుకుని ఉండేది, పిడి ఆయన కుర్చీ వైపు. వారమంతా గొడవే.

"నీ వేళాకోళం ఇక ఆపు," అనేవారు. ఆయన అలారాన్ని సరదాకి ఓ గంట ముందుకు తిప్పిన చరిత్ర నాకుంది కనక నేను కాదన్నా నమ్మలేదు.

శనివారం మధ్యాహ్నం ఆయనకి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. నా చేతులు రెండూ పళ్లెంలోనే ఉన్నాయి. టేబుల్ మీద మూసి ఉన్న కత్తి కొక్కెం దానంతటదే లేచింది. రెక్కలు మెల్లగా విచ్చుకున్నాయి. కత్తి జానెడు ఎత్తుకు లేచి, పిడి ఆయన వైపు తిప్పి ఆగింది, ఎవరో అందిస్తున్నట్టు.

ఆయన చేయి చాపలేదు. పెళ్లయిన నాటి నుంచి నాతో ఒక్కసారీ అనని మాట, నా పక్కనున్న ఖాళీ కుర్చీతో అన్నారు.

"తప్పు నాదేనండీ. దయచేసి బల్ల మీద పెట్టండి."