పాల ట్యాంకు తాళం

నేను ఒక తాళాన్ని. ఇంటి తాళాన్నో బీరువా తాళాన్నో అయి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఇంటికి తాళం వేస్తే ఎవరూ నొచ్చుకోరు. నన్ను పాల ట్యాంకుకు వేశారు. దాంతో పాల డైరీలో ఉన్నవాళ్ళందరికీ నేనంటే గిట్టకుండా పోయింది.

పుట్టింది ఉత్తరాదిన, అలీగఢ్‌లో. ఇత్తడి కరిగించి పోతపోసి, ఆకురాయితో నున్నగా రుద్ది, ఒక పెద్దాయన తాళంచెవి తిప్పి చూసి తృప్తిగా తల ఊపాడు. నా బతుకులో నన్ను మెచ్చుకున్న మనిషి ఆయనొక్కడే. అక్కణ్ణించి అట్టపెట్టెలో పలమనేరు చేరాను. ఇనుప సామాన్ల కొట్లో మేకులకూ బోల్టులకూ మధ్య చాన్నాళ్ళు వేలాడాను. వచ్చినవాళ్ళంతా నన్ను లాగి చూసేవాళ్ళు, ధర అడిగేవాళ్ళు, చివరికి నాకంటే చిన్నదాన్ని కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. మనుషులకు భయం మాత్రం పెద్దదే. దాని మీద ఖర్చు పెట్టాల్సి వచ్చేసరికి చెయ్యి వెనక్కి పోతుంది.

నన్ను కొన్నది నీలవేణి. ఊరి బయట పాల డైరీలో నాణ్యత చూసే అధికారి. ఎక్కడో ఎవరో జనం తినే తిండిలో కావాలని ఏదో కలిపారట. పొరపాటున కాదు, లాభం కోసం నీళ్ళు కలిపినట్టూ కాదు, కక్షకొద్దీ. అందుకని పైనుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. మనిషి చెయ్యి పాలలో పడగల ప్రతి మూతకూ తాళం ఉండాలి, పనివాళ్ళకు శిక్షణ ఇవ్వాలి. పల్లెల నుంచి వచ్చిన పాలన్నీ కలిసే పెద్ద ట్యాంకు మూతకు నన్ను బిగించారు.

ఆ ట్యాంకు చూసుకునేవాళ్ళు ఇద్దరు, మునిరత్నం, చెంగల్రాయులు. ఒకే ఊరివాళ్ళు. ఒకే బండి మీద వచ్చి ఒకే బండి మీద పోయేవాళ్ళు. నన్ను చూడగానే మునిరత్నం మొహం ముడుచుకుంది.

"ఏం మేడమ్, ఇన్నేండ్లుగా ఈడ పని చేస్తా ఉండాము. మేమేమన్నా దొంగలమా?"

"నీ కోసం కాదన్నా. రూలు అందరికీ ఒకటే."

"మా కండ్ల ముందర ఏలాడగట్టి మా కోసం కాదంటే ఎట్ల మేడమ్?"

చెంగల్రాయులు నవ్వి, "పోనీలేరా, దానికీ ఒక పని గావాల గదా" అంటూ నా మీద చిన్నగా తట్టాడు. మర్యాదకు తట్టాడో ఎగతాళికి తట్టాడో గాని, నాకు బాగుండింది.

ఆ తర్వాత ఏం చేశారనుకున్నారు? నా పక్కనే గోడకు ఒక మేకు కొట్టి, నా చెవిని దానికి తగిలించారు. వచ్చేపోయేవాళ్ళకు వెతుక్కునే శ్రమ లేకుండా! అంతకంటే నన్ను తీసి పారేసినా నా పరువు దక్కేది. నీలవేణి చూసి తిట్టి, మేకు పీకించి, చెవిని తన దగ్గరే ఉంచుకుంది.

పైన నాకు తోడెవరూ లేరు. కింద మోటార్లు మోగేవి, క్యాన్లు దొర్లేవి, జనం ఒకళ్ళనొకళ్ళు కేకలేసుకునేవాళ్ళు. నా దాకా వచ్చేవాడు తెరవడానికి వచ్చేవాడు, వేసి పోయేవాడు. నేను కాపలా కాసే పాలను ఒక్కసారైనా చూడలేదు. మూత తెరవాలంటే ముందు నన్ను తీసి పక్కన పడేయాలి కదా. చెప్పుకుంటే నవ్వుతారేమో గాని, అక్కడ నాకు చాలా దిగులుగా ఉండేది.

శిక్షణ ట్యాంకు కిందనే జరిగింది. అందరినీ కూర్చోబెట్టి నీలవేణి అడిగింది: "ఈ పాలు పాడు చెయ్యాలని మీకే బుద్ధి పుట్టిందనుకోండి. ఎక్కడ చేస్తారు? ఎట్లా చేస్తారు?"

ఒకళ్ళిద్దరు చెంపలేసుకున్నారు. చివరికి మునిరత్నం లేచాడు. "పాలల్లో ఎవురన్నా విషం పోస్తారా మేడమ్? చేతులు పడిపోవూ!"

"చేతులు పడిపోయేది తర్వాత సంగతన్నా. అంతకు ముందే ఈ పాలు తాగిన పిలకాయలు పోతారు."

అప్పుడామె అసలు పాఠం చెప్పింది. మూత దగ్గరికి పనిలేనివాడు వచ్చాడని కనిపిస్తే వెంటనే చెప్పాలి. వాడు తెలిసినవాడా, చుట్టమా అని చూడకూడదు. వాడు మంచివాడా చెడ్డవాడా తేల్చడం మీ పని కాదు. అందరూ తల ఊపారు. శిక్షణలో తల ఊపడం మనుషులకు బాగా వచ్చు.

కొన్నాళ్ళకు చెంగల్రాయులుకూ మేనేజరుకూ మాటా మాటా పెరిగింది. చెంగల్రాయులు బల్ల మీద గుద్దాడు. మేనేజరు ఉద్యోగం పీకేశాడు. గేటు దాటుతూ చెంగల్రాయులు అరిచిన అరుపు ట్యాంకు మీద నాకూ వినబడింది.

"నేను లేకుండా ఈ డైరీ ఎట్ల నడుస్తాదో నేనూ సూస్తా!"

కోపంలో అన్న మాట, ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు మునిరత్నం బండి మీద ఒక్కడే ఇంటికి పోయాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ. డైరీలో ప్రతి పనిముట్టునూ కడిగి పసుపు కుంకుమ పెడతారు. స్పానర్లు, కత్తెరలు, తూకం రాళ్ళు, అన్నీ అమ్మవారి పటం ముందుకు చేరాయి. ఎవరికో నేను గుర్తొచ్చాను. "తాళమూ ఆయుధమే గదా" అన్నారు. నీలవేణి కాదనలేకపోయింది. నన్ను ఊడదీసి, కడిగి, పళ్ళెంలో పెట్టి, చెవి దూరే సందులో కూడా కుంకుమ కూరారు. అంతమంది మధ్య కూర్చోవడం నాకదే మొదలు. సంతోషం వేసింది, దాచను. పాల సంగతి ఎవరికీ గుర్తు లేదు. నిజం చెప్పాలంటే, ఆ కాసేపు నాకూ లేదు.

చెంగల్రాయులు చేతిలో కొబ్బరికాయతో లోపలికి వచ్చాడు. గేటు దగ్గర కాపలావాడు అడ్డుపడలేదు. "మనోడే లేబ్బా" అన్నాడు. పండగపూట వచ్చినవాణ్ణి పొమ్మని ఎవరంటారు? కాయ కొట్టి, దండం పెట్టి, అతను ట్యాంకు వైపు నడిచాడు. నా మొహం అమ్మవారి వైపుంది. ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు.

చూసింది మునిరత్నం. ట్యాంకుకూ మనుషులకూ మధ్య దారిలో వచ్చి నిలబడ్డాడు. అతని మొహం మాత్రం అమ్మవారి పటం అద్దంలో నాకు కనిపించింది. పాల లారీ అప్పటికే గొట్టం తగిలించుకుని సిద్ధంగా ఉంది. ఆ పాలు పోయేది పట్నంలో పిల్లల కడుపుల్లోకి. చెబితే స్నేహితుడు పోతాడు. చెప్పకపోతే ఏం పోతుందో తెలియదు. పెదవులు తడుపుకున్నాడు. చెంగల్రాయులు వైపు ఒకసారి చూశాడు. తర్వాత నీలవేణి దగ్గరికి వెళ్ళి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"మేడమ్, పాలు ఆపండి. చెంగల్రాయులు పైకెక్కి దిగినాడు. మూత తీసుండాడు."

పూజ ఆగిపోయింది. మేనేజరు పోలీసులకు ఫోను చేశాడు. చెంగల్రాయులుకు మొదట విషయం అర్థం కాలేదు. అర్థమయ్యాక మునిరత్నం వైపే తిరిగాడు.

"యేసింది చిటికెడు పసుపురా! పాలు ఇరిగిపోకుండా ఉండాలని పతి ఏడూ నువ్వూ నేనూ యేసేదే గదా! నీకు తెలీదా?"

"తెలుసురా" అన్నాడు మునిరత్నం. "ఈపొద్దు యేసింది పసుపేనని నాకు తెలీదు."

ట్యాంకు పాలన్నీ కాలవలోకి వదిలారు. చెంగల్రాయుల్ని జీపులో తీసుకుపోయారు. పరీక్షకు పంపిన పాలలో పసుపు తప్ప ఏమీ లేదని కాగితం వచ్చాకే వదిలిపెట్టారు. మునిరత్నాన్ని మేనేజరు మెచ్చుకుని శాలువా కప్పబోతే, అతను భుజం పక్కకు తిప్పుకున్నాడు.

నన్ను పెట్టింది మనుషుల మీద అనుమానంతో అని ఇన్నాళ్ళూ నేనూ అనుకున్నాను. కాదు. నేను మూత మీద ఉండి ఉంటే చెంగల్రాయులు పైదాకా వెళ్ళి, నన్ను చూసి, పసుపు నా మీదే చల్లి దిగి వచ్చేవాడు. అతన్ని ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. నేను కాపాడవలసింది పాలను కాదు, వాళ్ళిద్దరినీ.

తర్వాత ట్యాంకుకు అంకెలు నొక్కితే తెరుచుకునే తాళం వచ్చింది. నన్ను శిక్షణ గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా నీలవేణి నన్ను చూపించి కథ చెబుతుంది. ఎవరి పేరూ చెప్పదు. వింటారు, తల ఊపుతారు, పోతారు. గది మూసేస్తారు. అద్దంలో నా మొహమే నాకు కనిపిస్తూ ఉంటుంది.

ఈసారి పాతవాళ్ళకూ శిక్షణ పెట్టారు. అయ్యాక మునిరత్నం బయటికి పోలేదు. వెనక బెంచీ మీదే కూర్చున్నాడు. "నువ్వు చేసింది సరైన పనేనన్నా" అంది నీలవేణి, ఏదో ఒకటి అనాలి కదా అని.

"సరైందే మేడమ్. మల్లా ఆ పరిస్తితి వస్తే మల్లా చెప్తా." భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. "మొన్న వాళ్ళింటికి పోయినా. రా, కూచో అన్నాడు. వాళ్ళ ఆవు పాలు కాంచి, గ్లాసులో పోసి తెచ్చినాడు. నా చేతికియ్యక ముందు, ఎంగిలి గాకుండా గ్లాసు పైకెత్తి, ఒక గుక్క వాడు తాగినాడు. నేను సూస్తా ఉండంగా మింగినాడు. అప్పుడు నాకిచ్చినాడు."

"నువ్వు తాగినావా?" అని అడిగింది నీలవేణి.

"తాగినా మేడమ్. మంచి పాలు" అన్నాడు మునిరత్నం, కండువాతో కండ్లొత్తుకుంటూ.