కౌసల్య ఎదురుచూసిన సీను

బొల్లారంలో మందుల కంపెనీలో పనిచేసే జీషాన్‌కి, పెళ్లిళ్లలో కీబోర్డు బాగా వాయిస్తాడని పేరుంది. అందుకే షిఫ్టు ఇన్‌చార్జి చంద్రకాంత్ సరదాపడి చిన్న ప్రేమ సినిమా తీస్తూ, సంగీతం అతని చేతికిచ్చాడు. కథానాయిక కౌసల్య. అదే కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. నలభై దాటిన మనిషి, భర్త పోయి చాలా ఏళ్లయింది. సినిమాలోనూ ఆమెది అలాంటి పాత్రే: రోజూ బస్సులో కలిసే మనిషి మీద ఆమెకు ఆలస్యంగా మనసవుతుంది.

అతని కోసం బస్టాపులో ఎదురుచూసే సీను తీసేరోజు కౌసల్యకు కెమెరా ముందు కాళ్లూ చేతులూ ఆడలేదు. జీషాన్ తాను కట్టిన మెల్లని బాణీ ఫోన్లో వినిపించాడు.

"నేను సూస్తుంటే గిదే వస్తదా తమ్మీ?"

"గిదే అక్కా. గిది యాద్ చేసుకుంట నిలబడు, చాలు."

ఆమె నిలబడింది. జడ సవరించుకుంది, రోడ్డు వంక చూసింది, తనలో తానే సిగ్గుపడింది. చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడ్డం మానేశారు.

ఎడిటింగ్ అప్పుడు చంద్రకాంత్ పెదవి విరిచాడు. "జనం నిద్రపోతరు భాయ్. జెర హుషారుగ ఏదన్న ఎయ్యి."

జీషాన్ వద్దనలేదు. కార్టూన్లో పిల్లి నడిచినట్టుండే బాణీ ఒకటి కట్టి పెట్టాడు. కౌసల్యకు చెప్పలేదు.

ఆదివారం పొద్దున కిష్టారెడ్డిపేటలో, చంద్రకాంత్ ఉండే అపార్ట్‌మెంట్ హాల్లో కంపెనీవాళ్లందరికీ సినిమా వేశారు. కౌసల్య తన కూతురు తేజస్వినిని వెంటబెట్టుకొచ్చి ముందు వరుసలో కూర్చుంది. తెరమీద ఆమె జడ సవరించుకోగానే కొత్త బాణీ మొదలైంది. హాలంతా గొల్లుమంది. బొమ్మ అదే, ప్రేమలో పడ్డ మనిషి కాస్తా వయసు మరిచి సోకులు పోతున్న మనిషైపోయింది. తన బాణీ పనిచేసిందని జీషానూ నవ్వాడు. అప్పుడు చూశాడు, కౌసల్య కొంగు తలమీదికి లాక్కోవడం. తేజస్విని తల్లి చెయ్యి పట్టుకొని బయటికి తీసుకెళ్లింది. అతని నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

సోమవారం కంపెనీ బస్సులో కౌసల్య మెట్టెక్కగానే, ప్లాంటులో పనిచేసే లింగం వెనక సీట్లోంచి అదే బాణీ ఈలవేశాడు. బస్సంతా నవ్వింది. జీషాన్ కిటికీ వైపు తిరిగాడు.

ఆమె షేర్ ఆటోలో రావడం మొదలుపెట్టింది.

మెల్లని బాణీ మళ్లీ కలిపి, ఆటోల అడ్డా దగ్గర ఆమెకు ఎదురెళ్లాడు జీషాన్. "మాఫ్ చెయ్యక్కా. సీను సరిజేసిన. ఒక్కసారి సూడు."

ఆమె ఫోను అందుకోలేదు. "నేనెట్ల నిలబడ్డనో నాకెర్కనే తమ్మీ. నవ్వినోళ్లకు సూపెట్టు. నా బిడ్డ నా మొకం దిక్కు సూస్తలేదు."

మర్నాడు బస్సు కదలగానే జీషాన్ లేచి డ్రైవరు పక్కన నిలబడ్డాడు.

"ఆ నవ్వుల మ్యూజిక్ ఏసింది నేను. కౌసల్యక్కకు వేరేది వినిపిచ్చి నిలబెట్టిన. ఆమె మంచిగ చేసింది. మోసం చేసింది నేను."

ఫోను తీసుకెళ్లి లింగం చేతికిచ్చాడు. లింగం సీను మొత్తం చూసి, పక్కవాడికి అందించాడు. చేతులు మారుతూ పోయింది ఫోను. ఎవరూ నవ్వలేదు.

దిగేటప్పుడు లింగం అన్నాడు, "ఆమెకు జెర చెప్పు భాయ్, రేపటిసంది బస్సెక్కుమని."

"నువ్వే చెప్పు," అన్నాడు జీషాన్.

కంపెనీ గేటు దగ్గర ఆటో దిగుతున్న కౌసల్య కనబడింది. లింగం అటు నడిచాడు. జీషాన్ మాత్రం ఆమె లోపలికి వెళ్లేదాకా, రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్యాంకర్ చాటునే నిలబడిపోయాడు.