సందు చివరి దాకా

మా నాన్నకు మోటార్‌సైకిల్ రాదంటే మా సందులో ఎవరూ నమ్మేవారు కాదు. జీవితమంతా బస్సు తోలిన మనిషి. వానలో, పొగమంచులో, బ్రేకులు సరిగా పడని డొక్కు బస్సులో కూడా జనాన్ని భద్రంగా దించిన మనిషి. ఆయనకు రెండు చక్రాల బండి ఒక లెక్కా అనుకునేవారు. ఆయన కూడా అలాగే అనుకున్నాడు. అదే వచ్చిన చిక్కు.

ఆయన రిటైరైన ఏడాదికే అమ్మ తుంటి కీలు అరిగిపోయింది. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫొటోలు చూసి వచ్చే నెలలో ఆపరేషన్ అంది. "నడుస్తారు, మెట్లెక్కుతారు, ఇంటి పని చేసుకుంటారు. బైక్ మీద కూర్చోవడం మాత్రం ఇక మర్చిపోండి" అని మామూలు జాగ్రత్తల్లో ఒకటిగా చెప్పేసింది. అమ్మ తలూపింది. ఆస్పత్రి మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయింది. నొప్పేమోనని చెయ్యి పట్టుకుంటే, "అయితే ఇక లేనట్టే" అంది.

ఏం లేనట్టో నాకు తెలుసు. నాన్నకూ తెలుసు, అందుకే మా వైపు చూడకుండా గబగబా ముందుకు నడిచాడు.

నాన్న బస్సు చివరి స్టాపు సముద్రం ఒడ్డున, లైట్‌హౌస్ దగ్గర. అక్కడి గాలి గురించి, టీ కొట్టు గురించి, బస్సు తిప్పేటప్పుడు అద్దంలో కనబడే నీళ్ల గురించి భోజనం దగ్గర కథలు కథలుగా చెప్పేవాడు. నన్నూ ఒకసారి తీసుకెళ్లండి అని అమ్మ అడిగితే, "డ్యూటీలో ఇంటివాళ్లని ఎక్కించుకోను" అనేవాడు. పోనీ ఒక బండి కొనుక్కుని సెలవు రోజు వెళ్దామంటే, "రోజూ చక్రం తిప్పి తిప్పి వస్తున్నాను, సెలవు రోజు కూడా నన్ను డ్రైవర్ని చెయ్యకే" అని ముసుగు తన్నేవాడు. తోటి డ్రైవర్లు భార్యల్ని వెనక కూర్చోబెట్టుకుని సినిమాలకు పోతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసేది. నేను పెద్దయ్యాక నాకు ఒళ్లు మండి, "ఒక టికెట్ కొనుక్కుని నువ్వే వెళ్లి చూసి రావచ్చుగా" అనేదాన్ని. పార్శిళ్లు ఇచ్చే ఉద్యోగంలో చేరి బండి కొనుక్కున్నాక, నేనే తీసుకెళ్తానన్నాను కూడా.

"సముద్రం కోసం కాదే. ఆయన వెనక కూర్చుని, భుజం మీద చెయ్యి వేసుకుని వెళ్లాలని" అంది అమ్మ. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే. మధ్యలో నేను టికెట్ లేని ప్రేక్షకురాలిని.

మర్నాడు నాన్న మా సందు మెకానిక్ బాబాయి షెడ్డులో మూలన పడి ఉన్న పాత బండిని నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాడు. నడిపించుకుంటూ అంటే నిజంగానే నడిపించుకుంటూ, ఎక్కకుండా. గేటు దగ్గర స్టాండ్ వేసి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నాకు నేర్పు" అన్నాడు.

ఆడపిల్లకి గేర్ల బండి ఏమిటని నా మీద నెలల తరబడి చిందులేసిన మనిషి. దెప్పుదామని నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను.

గోదాముల వెనక ఖాళీ స్థలంలో పాఠం మొదలుపెట్టాం. "క్లచ్ పూర్తిగా నొక్కు. ఎడమ కాలి వేళ్లతో గేరు ఒక్కసారి కిందికి. అది ఫస్ట్. మిగతావన్నీ పైకి. ఇప్పుడు క్లచ్ మెల్లగా వదులు. ఇంజన్ గొంతు బరువెక్కిన చోట వేళ్లు ఆపు" అని చెప్పాను. ఒక్కసారికే పట్టేశాడు. ఇంజన్ గొంతు ఆయనకు నేను చెప్పాలా? సగం వదిలిన క్లచ్ మీద, ఫస్ట్ గేర్లో, మనిషి నడిచేంత మెల్లగా, కాలు కింద పెట్టకుండా తిన్నగా నడిపాడు. అంత మెల్లగా నడపడం నాకే రాదు.

"ఇంతేనా?" అన్నాడు గర్వంగా.

"ఇప్పుడు ఆపు" అన్నాను.

బస్సులో క్లచ్ తొక్కినట్టు ఎడమ కాలు ఎత్తి బలంగా తొక్కాడు. క్లచ్ చేతి దగ్గరుంది. కాలి కింద ఉన్నది గేరు. చేతిలోని క్లచ్ ఒక్కసారిగా వదిలేసేసరికి బండి ఎగిరి దగ్గి ఆగిపోయింది.

బస్సులో కాలు చేసే పని ఇక్కడ చెయ్యి చెయ్యాలి, చెయ్యి చేసే పని కాలు చెయ్యాలి. బస్సు తోలని వాడికి అది అసలు సమస్యే కాదు. నాన్నకు మాత్రం, ఏదైనా అడ్డొచ్చిందా, ఆ ఎడమ కాలు ఎవరినీ అడగకుండా లేచి తొక్కేసేది. "నేను తొక్కట్లేదే, అదే తొక్కుతోంది" అనేవాడు, కాలు పక్కింటివాళ్లదైనట్టు. నేను అరిచేదాన్ని. ఆయన నాకంటే గట్టిగా అరిచేవాడు. ఇద్దరం మాట్లాడుకోకుండా ఇంటికొచ్చేవాళ్లం.

అమ్మ వరండాలో నవ్వుతూ ఎదురుచూసేది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మీ నాన్న కాలికి డిపోలో వచ్చిన బుద్ధి, అది మాత్రం ఊరికే పోతుందా" అనేది. ఒకరోజు నేను ముందుగా ఇంటికొచ్చేసరికి పిట్టగోడ మీద ఒక పక్కకు తిరిగి కూర్చుని, స్తంభం మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని అటూ ఇటూ ఒరుగుతోంది.

"ఏంటమ్మా అది?"

"ఏముందే. నేర్చుకోవాల్సింది ఆయనొక్కరేనా? వెనక కూర్చోవడం నాకు మాత్రం వచ్చా?" అంది సిగ్గుపడుతూ. నవ్వేశాను గానీ, స్నానాల గదిలోకి వెళ్లాక ఏడుపొచ్చింది.

చివరికి నాన్న ఎడమ కాలికి బూటు తీయించేశాను. ఒట్టి పాదంతో గేరు రాడ్డును బలంగా తొక్కితే చురుక్కుమంటుంది, అప్పుడైనా గుర్తుంటుందని. పాదం కమిలిపోయింది గానీ పని చేసింది. సెకండ్ గేరు వచ్చింది, థర్డ్ వచ్చింది. "చెయ్యి, చెయ్యి" అని గొణుక్కుంటూ ఆపడం వచ్చింది. ఆయన మొహంలో వెలుగు చూసి నేను కూడా పాత కోపాలన్నీ మర్చిపోయాను.

ఆ సంబరంలో బండి మాట ఎవరు పట్టించుకున్నారు? ఎక్సలరేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తోంది గానీ బండి అంత ఊపుగా కదలడం లేదు. మెకానిక్ బాబాయి ఒక చుట్టు తిప్పి చూసి పెదవి విరిచాడు.

"నేర్చుకునే చేతుల్లో క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయి డ్రైవర్ గారూ. ఇక్కడ వదిలేసి వెళ్లండి. పాత మోడల్ కదా, ప్లేట్లు తెప్పించాలి."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"వారం అనుకోండి."

"ఆ వారం నాకు ఎవరిస్తారయ్యా? ఆపరేషన్ అయిపోయాక మార్చు, నీ ఇష్టం వచ్చినన్ని మార్చు" అని నాన్న బండి వెనక్కి తిప్పేశాడు. మార్పిద్దాం నాన్నా అని నేనూ గట్టిగా అనలేదు.

ఇక ఒక మనిషిని వెనక కూర్చోబెట్టుకుని చూడాలన్నాడు. నేనే కూర్చున్నాను. బజారు రోడ్డు మీద థర్డ్ గేర్లో చక్కగా పోతున్నాం. తోపుడుబండి వాడొకడు చూసుకోకుండా అడ్డంగా వచ్చేశాడు. అంతే, ఎడమ కాలు లేచి ధబీమని పడింది. బండి గిర్రుమని గుంజి ఆగింది, నేను వెళ్లి రోడ్డు మీద పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకుమించి ఏం కాలేదు. అలాంటివి నాకు ఉద్యోగంలో మామూలే. నాన్న మాత్రం తోపుడుబండి వాణ్ణి ఒక్క మాట అనలేదు. నా మోచేతి మీది రక్తాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇంటి దాకా బండి ఎక్కకుండా తోసుకుంటూనే వచ్చాడు.

"మీ అమ్మకి చెప్పకు" అన్నాడు గేటు దగ్గర.

ఉక్కపోతలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని తిరిగాను. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి అమ్మ. చొక్కా వంక చూసింది, నాన్న వంక చూసింది. ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరాల్సిన రోజుకు ముందు రోజు పొద్దున్నే కొత్త చెప్పులు వేసుకుని, నొప్పి మాత్ర మింగి, గేటు దగ్గరకొచ్చి నిలబడింది.

"వెళ్దామా అండీ?"

నాన్న బండి స్టార్ట్ చేశాడు. నేను నీళ్ల సీసా పట్టుకుని నా బండి మీద వెనకాలే బయలుదేరాను. అమ్మ ఒక పక్కకు తిరిగి కూర్చుని, పిట్టగోడ మీద నేర్చుకున్నట్టే నాన్న భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి పడగానే నాన్న ఒకసారి కళ్లు మూసి తెరిచాడు. ఆయన బండి అద్దంలో నాకు కనబడింది.

బండి కదిలింది. ఫస్ట్ గేరు, సగం క్లచ్, నత్తనడక. మొదట్లో జాగ్రత్త కోసం అనుకున్నాను. నాలుగు ఇళ్లు దాటినా అదే నడక.

"నాన్నా, సెకండ్ వెయ్యి" అన్నాను పక్కకొచ్చి.

వినిపించుకోలేదు. అప్పుడు ఆయన ఎడమ కాలు చూశాను. గేరు రాడ్డు దగ్గర లేదు. ఫుట్‌రెస్ట్ మీద కూడా లేదు. దూరంగా, గాలిలో వేలాడేసి ఉంచాడు. అర్థమైపోయింది. ఆ కాలిని ఆయనిక నమ్మడు. అమ్మ వెనక ఉండగా దాన్ని గేరు దరిదాపులకు రానివ్వడు.

"కనీసం క్లచ్ అయినా పూర్తిగా వదులు, ప్లేట్లు కాలుతున్నాయి" అన్నాను.

"చెయ్యి నా మాట వింటుందే. దాన్ని ఇలా ఉండనీ" అన్నాడు.

కాలిన వాసన వస్తోంది. చివరి ఇంటి ముందు నీళ్లు చల్లుతున్న పెద్దామె, "ఏమ్మా, నడిచి వెళ్తే మీకంటే ముందే చేరతారు కదా" అని మేలమాడింది.

"మాకేం తొందర లేదు పిన్నీ" అంది అమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చిన్నపిల్ల గొంతు.

సందు చివర మెయిన్ రోడ్డు ఎక్కడానికి చిన్న ఎత్తు ఉంది. అక్కడ బండి ఆగింది. ఇంజన్ ఆగలేదు, చక్రం ఆగింది. నాన్న ఎక్సలరేటర్ ఇచ్చాడు. ఇంజన్ గోల పెట్టింది, చక్రం మాత్రం కదల్లేదు.

"ఇంకాస్త ముందుకు పోదామండీ" అంది అమ్మ.

"పోవట్లేదే" అన్నాడు నాన్న. చేతిలోని క్లచ్ మొత్తం వదిలేశాడు. ఏ మార్పూ లేదు. ప్లేట్లు పూర్తిగా కాలిపోయాయి. "మొత్తం వదిలేసినా పోవట్లేదు."

నేను గబగబా నా బండి దిగి తాళం చాచాను. "ఇది తీసుకో నాన్నా. ఇది మంచి బండి."

ఆయన తాళం వంక చూసి, నా మోచెయ్యి వంక చూశాడు. తీసుకోలేదు. "నువ్వు తీసుకెళ్లు మీ అమ్మని" అన్నాడు.

"కూతురితో అయితే ఎప్పుడో వెళ్లేదాన్ని" అంది అమ్మ నెమ్మదిగా. దిగలేదు. "ఇంజన్ ఆపెయ్యండి. కాసేపు ఇలాగే కూర్చుందాం."

కూర్చున్నారు. కదలని బండి మీద, మెయిన్ రోడ్డుకు ఎదురుగా. నాన్న నడిపిన రూటు బస్సే అటుగా పోతూ ఆయన్ని గుర్తుపట్టి హారన్ కొట్టింది. నాన్న చెయ్యెత్తలేదు.

"అన్ని సెలవు రోజులు నిద్రపోయానే" అన్నాడు. "ఒక్కటి లేచి ఉంటే చాలు. ఒక్కటి. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను."

అమ్మ కాదనలేదు. ఊరుకోండి, పర్లేదు అని కూడా అనలేదు. నిజంగా పర్లేదైతే కదా అనడానికి. భుజం మీది చెయ్యి మాత్రం తీయలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. కొత్త ప్లేట్లూ వచ్చాయి. ఎవరి కోసమో తెలియదు గానీ, నాన్న గోదాముల వెనక ఒక్కడే తిరిగి తిరిగి ఆ ఎడమ కాలిని దారికి తెచ్చాడు. ఇప్పుడు కుక్క అడ్డొచ్చినా, ఆటో అడ్డొచ్చినా చెయ్యే కదులుతుంది. నాలుగో గేర్లో ఆయన్ని చూస్తే నాకే ముచ్చటేస్తుంది. కూరగాయలు తెస్తాడు, మందులు తెస్తాడు. వెనక సీటు మీద సంచీ తప్ప ఏమీ పెట్టడు.

అమ్మ రోజూ కాసేపు నడవాలని డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రం అవగానే గేటు తీసుకుని బయలుదేరుతుంది. నాన్న బండి స్టార్ట్ చేసి ఆమె పక్కనే వస్తాడు. ఫస్ట్ గేరు, సగం క్లచ్. ఆమె ఆయన భుజం మీద చెయ్యి ఆనించి నడుస్తుంది, ఆయన ఆమె అడుగుకు తగ్గట్టు పోనిస్తాడు.

"ప్లేట్లు మళ్లీ పోతాయి నాన్నా. కర్ర కొనిస్తాను అమ్మకి, నువ్వు కూడా దిగి నడు" అన్నాను ఒకరోజు విసుగ్గా.

"పోనీ" అన్నాడు, నా వైపు చూడకుండా.

నిన్న వాళ్ల వెనకే నేనూ నడిచాను. సగం దారిలో అమ్మ, "ఇలాగే పోతూ ఉంటే రేపటికి సముద్రం వచ్చేస్తుందేమో అండీ" అంది నవ్వుతూ. నాన్నకు నవ్వు రాలేదు. సందు చివర, ఆ ఎత్తు దగ్గర ఆగి ఇంజన్ ఆపాడు. అమ్మ ఖాళీ సీటు మీది దుమ్మును అరచేత్తో తుడిచింది. ఇద్దరూ మెయిన్ రోడ్డు వైపు కాసేపు చూసి, బండి తిప్పుకుని ఇంటికొచ్చేశారు.