ఎదురొచ్చిన లారీ

మైదానంలో కారు నడపడంలో వదిన చెయ్యి తిరిగిన మనిషే. కొండ దారికి మాత్రం కొత్త. భర్త ఊళ్లో లేడు, వెనక సీట్లో నెలలు నిండిన ఆడపడుచు నొప్పులతో మెలికలు తిరుగుతోంది, ఆసుపత్రేమో కొండ దిగువన. ఇంక ఆలోచించడానికేముంది? తాళాలు తీసుకుని బయల్దేరింది. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది.

ఎదురొచ్చిన వ్యాను డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అరచేత్తో గాలిని కిందికి నొక్కుతున్నట్టు ఊపాడు. కాసేపటికి బస్సు డ్రైవరుదీ అదే వరస.

"ఆడది స్టీరింగు పడితే చాలు, ప్రతివాడూ మాస్టారే!" వదినకు ఒళ్లు మండి ఇంకాస్త వేగం పెంచింది.

"వదినా, మెల్లిగా..."

"కాస్త ఓర్చుకోవే తల్లీ, వచ్చేశాం."

తర్వాత ఎదురైన లారీ అతను చెయ్యి ఊపలేదు. లారీని రోడ్డుకు అడ్డంగా పెట్టేశాడు. వదిన బ్రేకు తొక్కి, కిందికి దిగి, తిట్లు లంకించుకుంది.

"లోపల మనిషి పురిటి నొప్పులు పడుతోందయ్యా! అడ్డం తియ్యి!"

"మీరొచ్చే ఊపు చూసే ఆపానమ్మా. ముందు బళ్లవాళ్లు చెయ్యి చూపించలేదా? రండి, చూద్దురుగాని."

మలుపు అవతల, లోయ వైపు తారు చెక్కుచెదరకుండా నున్నగా ఉంది. అతను వంగి కిందికి చూపించాడు. తారు కింద మట్టి లేదు, వాన కోసుకుపోయింది. వదిన ఒక అడుగు వెనక్కి వేసింది.

"చూపించారు. నేనే వెక్కిరింపనుకున్నా."

అతను లారీ వెనక్కి తీశాడు. తనే కారుకు ఎదురుగా నిలబడి వెనక్కి నడుస్తూ, కొండ పక్క కాలవలోకి రెండు చక్రాలు దింపించి, అంగుళం అంగుళం దాటించి పంపేశాడు.

తల్లీ బిడ్డా దక్కారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదంది డాక్టరమ్మ. అప్పుడు తట్టింది వదినకు, ఆ మనిషి పేరు అడగలేదు, లారీ నంబరు చూడలేదు, మొహమైనా సరిగా గుర్తులేదు. నోరు చేసుకుందే తప్ప ఒక్క మంచి మాట అనలేదు. తల్చుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు, ఎదురైన ప్రతి లారీకీ కారు పక్కకు ఆపి రెండు చేతులెత్తి దండం పెట్టింది. కొందరు నవ్వారు, కొందరు తెలిసినవాళ్లెవరో అనుకుని హారను కొట్టారు, ఒకాయన బిత్తరపోయాడు.

"ఎంతమందికి పెడతావు వదినా? అతనెవరో నీకే తెలీదుగా!"

"వీళ్లలో ఎవరున్నా మనల్ని అలాగే ఆపేవారే," అంది వదిన.

తర్వాతి లారీ వచ్చినప్పుడు ఆడపడుచు పసివాణ్ణి కిటికీ దగ్గరికి ఎత్తి పట్టుకుంది.