బుగ్గలో కురుత్

వాకిట్లో కారు ఆగేసరికి కాలీపా అప్పుడే కురుత్ ఉండ నోట్లో వేసుకుంది. పెరుగు వడగట్టి, ఉప్పేసి, ఎండబెట్టిన ఉండ అది. గులకరాయికీ దానికీ పెద్ద తేడా లేదు. ఆమెకు మిగిలినవి మూడే పళ్లు. మింగితే గొంతుకడ్డం పడుతుంది, ఉమ్ముదామంటే కూతురు మీర్‌గుల్ అప్పటికే గుమ్మంలో ఉంది. ఉండను ఎడమ బుగ్గలోకి తోసి, చెంపకు చెయ్యి ఆనించి కూర్చుంది.

వారానికి మూడుసార్లు నారిన్ పట్నం ఆసుపత్రికి వెళ్లి, డయాలసిస్ యంత్రం పక్కన నాలుగేసి గంటలు పడుకునే మనిషికి కురుత్ విషంతో సమానం. ఒంట్లో చేరిన ఫాస్ఫరస్‌ను ఆ యంత్రం కూడా పూర్తిగా లాగలేదట. ఎముకలు గుల్లబారతాయి, ఒళ్లంతా దురద. అందుకే పాలు, జున్ను, కురుత్ అన్నీ బంద్. యంత్రాన్ని వదిలి కొండమీది మేతబయళ్లకు పోవడానికీ లేదు. అరవై ఏళ్లు పాలతోనే బతికిన మనిషికి మిగిలిందేమిటయ్యా అంటే, ఉడికించి నీళ్లు వంపేసిన బంగాళాదుంప. ఆ ఒక్క ఉండ కరిగినంతసేపే ఆమెకు బతికున్నట్టుండేది.

మీర్‌గుల్ చేతిలోని రక్తపరీక్ష కాగితం ఊపింది. "ఫాస్ఫరస్ రెండున్నర. ఒకటిముప్పావు దాటకూడదన్నారు. ఏం పెడుతున్నావు జిబెక్, మా అమ్మకి?"

కోడలు జిబెక్ టీ పోస్తూ తల వంచుకుంది. "వాళ్లు రాసిచ్చిందే వదినా. మాత్ర కూడా తింటుండగా నేనే ఇస్తున్నా."

"మరి ఈ అంకె ఆకాశంలోంచి ఊడిపడిందా? కురుత్ ఎండబెట్టేది నువ్వేగా. అడిగిందని జాలిపడి పెట్టుంటావు. అమ్మా, నువ్వైనా చెప్పు, పెట్టిందా లేదా?"

కాలీపా తల అడ్డంగా ఊపింది. నోట్లో ఉప్పు ఊరుతోంది, గుటక వెయ్యాలన్నా భయమే.

"కోడల్ని బాగానే వెనకేసుకొస్తున్నావులే. పన్ను నొప్పా ఏంటి, చెయ్యి తియ్యవు?"

జిబెక్ చప్పున అందుకుంది. "నేనే పెట్టాను వదినా. తప్పయిపోయింది."

మీర్‌గుల్ అక్కడికక్కడే బిష్కెక్‌లో లారీ నడిపే తమ్ముడికి ఫోన్ కలిపింది. ఎర్మెక్ గొంతు గదంతా వినిపించింది. "మా అమ్మని చూడ్డం నీకంత బరువైతే మీ పుట్టింటికి పో జిబెక్."

కాలీపా నోరు తెరవలేదు. కూతురి కారు మలుపు తిరిగేదాకా తెరవలేదు.

జిబెక్ గేటు వేసొచ్చి, ఆమె ముందు కూర్చుని అరచెయ్యి చాపింది. "వెళ్లిపోయింది. ఇక ఉమ్మేయండి అత్తయ్యా."

కాలీపాకు తల కొట్టేసినట్టయింది. ఉమ్మింది. ఉండ ఇంకా సెనగగింజంత ఉంది.

"ఎప్పట్నుంచి తెలుసే?"

"కురుత్ సంచీ తేలికవుతుంటే తెలీదా? మీకు ఆ ఒక్కటేగా మిగిలిందని ఊరుకున్నా. నేనూ పెట్టినట్టే లెండి."

ఇప్పుడు నోటికి అడ్డేమీ లేదు. "ఫోన్ ఇటివ్వు," అంది కాలీపా. "ముందు వాడికి చెప్తా. ఆ సంచీ రేపు మీ అమ్మకిచ్చి రా. ఇంట్లో ఉంటే నేను తినకుండా ఊరుకోలేను."

అవతల ఎర్మెక్ ఫోన్ మోగుతోంది. చెవి అక్కడే పెట్టినా, కాలీపా కళ్లు మాత్రం కోడలి అరచేతిలోని ఉండను వదల్లేదు. జిబెక్ గుప్పిట మూసేసింది.