మొదలైనవి

ఎర్ర చీటీని మూడో వరుసలో ఏడో గడి మేకుకు తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకు వాల్చి చూసుకున్నాడు గుమాస్తా. బాగానే ఉంది. సంగీతం టీచరు ఇక ఒకే గంటలో రెండు గదుల్లో పాడనక్కర్లేదు. పసుపు చీటీని కిందికి దించాడు, ఆకుపచ్చదాన్ని పక్కకు జరిపాడు, ఎడమచేతి చూపుడువేలికి మేకు గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకున్నాడు. తెల్లారి లేస్తే ఆ వేలికి ఇదే పని.

బడి ఆఫీసు గదిలో ఒక గోడంతా ఆ బోర్డే. అడ్డంగా ఎనిమిది గంటలు, నిలువుగా తరగతులు, గడికో చిన్న మేకు, టీచరుకో రంగు చీటీ. ఇరవయ్యారేళ్ళుగా ఆ గళ్ళు నింపుతున్నాడు. పై వరుసలు అందుకోవడానికి సాగీ సాగీ కుడి భుజం ఎడమదానికంటే ఓ వేలెడు పైకి లేచిపోయింది. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, దానికోసం వెతుకులాట మాత్రం బల్ల కింద జరుగుతుంది. వేసుకునే చొక్కాలు కూడా గళ్ళవే కావడంతో బడిలో అందరూ ఆయన్ను గళ్ళ గుమాస్తా అనేవారు. ఆయనకీ ఆ సంగతి తెలుసు. తెలిసీ గళ్ళ చొక్కాలే కొనుక్కునేవాడు.

పని గురించి ఎవరైనా అడిగితే మూడు ‘గ’లు చెప్పేవాడు. గది, గంట, గురువు. ఈ మూడూ దొరికితే పాఠం ఉన్నట్టు, ఒక్కటి తగ్గినా లేనట్టు. అంతే శాస్త్రం.

అలాంటి బడికి ఈ ఏడు కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చింది. వస్తూనే తొమ్మిదో తరగతిలో ఎవరి టైంటేబులు వాళ్ళదే అంది. వెనకబడినవాడికి లెక్కలు ఒక గంట ఎక్కువ, చురుగ్గా ఉన్నదానికి ఒక గంట తక్కువ, రోజూ ఆఖరి గంట మాత్రం ఎవరికి ఏది నేర్చుకోవాలనుంటే అది. తొమ్మిదో తరగతిలో పిల్లలు రెండువందల పదకొండు మంది. అంటే రెండువందల పదకొండు టైంటేబుళ్ళు. స్టాఫ్‌రూమంతా తలలు పట్టుకుంటే ఈయనొక్కడికే కాళ్ళు నేలమీద ఆగలేదు. పిల్లలు కోరినవన్నీ నోట్లో జపంలా తిప్పుకుంటూ వరండాలో అటూ ఇటూ తిరిగాడు. తన పనికి కొత్త కంప్యూటరు తెచ్చారని చిన్నబుచ్చుకుంటాడేమో అనుకున్నారు కొందరు. చిన్నబుచ్చుకోవడమా! ఈ ఉదయం అది టీ తాగినంతసేపట్లో నూట తొంభై నాలుగు టైంటేబుళ్ళు గీసి పడేస్తే, "అబ్బ, ఏం పనితనమండీ దీనిది!" అని దాని నెత్తిన చెయ్యి వేసి నిమిరాడు.

మిగిలిన పదిహేడు పేర్లూ తెరమీద ఎర్రగా మెరిసి ఆగిపోయాయి.

తప్పు కంప్యూటరుది కాదు. ఆఖరి గంటలో ఏం కావాలో పిల్లలు ఎంచుకోవడానికి ఒక ఫారం అచ్చువేశారు. ఫారం తయారుచేసింది గుమాస్తాయే. కుట్టుపని, తోటపని, కరెంటు పని, బొమ్మలు గీయడం, కంప్యూటరు, మొదలైనవి అని వరసగా రాసి, ఒక్కోదాని ముందూ టిక్కు పెట్టడానికి ఒక్కో గడి గీశాడు. గళ్ళు గీయడానికి అలవాటుపడ్డ చెయ్యి మధ్యలో ఆగుతుందా? ‘మొదలైనవి’ ముందు కూడా చక్కగా గడి గీసేసింది. పదిహేడు మంది పిల్లలు అంతే చక్కగా అందులో టిక్కు పెట్టారు.

"మొదలైనవి అనే సబ్జెక్టు ఎక్కడైనా ఉందా అండీ?" అని నవ్వాడు లెక్కల సారు. హెడ్మిస్ట్రెస్ గదిలో ముగ్గురూ నిలబడి ఉన్నారు. "పొరపాటు జరిగిపోయింది, సరే. ఆ పదిహేడు మందినీ ఆఖరి గంటలో నా దగ్గరికి తోలెయ్యండి. పాత పరీక్ష పేపర్లు చేయిస్తా. వాళ్ళకీ మంచిది, బడికీ మంచిది."

మనిషి చెడ్డవాడు కాదు. సెలవురోజున కూడా పిల్లల్ని పిలిచి ఉచితంగా చెప్పే మనిషి. అందుకే గుమాస్తాకు భయం వేసింది. మంచి మనిషి మంచి మాట చెబితే దాన్ని ఎవరు కాదంటారు?

"మేడమ్, వాళ్ళు తెలిసే పెట్టారేమో. ఒకసారి అడిగి చూస్తానండి" అన్నాడు.

ఆవిడ గడియారం వంక చూసింది. "ఇవాళ ఆఖరి గంటనుంచే మొదలని చెప్పేశాను. మీకు భోజనాల గంటదాకా టైముంది. గది, గంట, గురువు చూపించండి. చూపించలేకపోతే సారు చెప్పినట్టే చేద్దాం."

గంట ఎలాగూ ఆఖరిదే. ఇక కావలసినవి రెండు ‘గ’లు.

గుమాస్తా మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. ఈ వయసులో అలా ఎక్కకూడదని మోకాలు చెప్పింది, ఆయన వినలేదు. ఒక్కో తరగతి గుమ్మంలో నిలబడి, టీచరును బతిమాలుకుని, ఒక్కొక్కరినీ బయటికి పిలిచి అడిగాడు. ‘మొదలైనవి’ అంటే నీ ఉద్దేశం ఏంటమ్మా? నీది ఏంట్రా బాబూ?

అడుగుతున్నకొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది. ఆరుగురికి వస్తువులు విప్పి చూడాలనుంది. ఫ్యాను, మిక్సీ, ఫోను, ఏదైనా సరే, లోపల ఏముందో చూడాలి, మళ్ళీ బిగించాలి. "కరెంటు పనికి పెట్టొచ్చుగా?" అంటే, "అది వైర్లు వేయడం అంకుల్. మాకు విప్పడం కావాలి" అన్నారు. ఒకమ్మాయికి వినపడని తమ్ముడున్నాడు. వాడితో ఆమె చేతులతో మాట్లాడుతుంది. ఆ చేతిమాటలు తమకూ నేర్పమని నలుగురు స్నేహితురాళ్ళు పట్టుబట్టి, అయిదుగురూ కలిసి ఆ గడిలోనే టిక్కు పెట్టారు. ఆ అమ్మాయి వరండాలో నిలబడి ‘మొదలైనవి’ అన్న మాటను చేతులతో చేసి చూపించింది. రెండు అరచేతులూ దగ్గరపెట్టి, మెల్లగా దూరంగా తీసుకెళ్ళింది, ఎక్కడా ఆపకుండా. గుమాస్తా కూడా అలాగే చేసి చూశాడు. గోడ అడ్డొచ్చింది.

విప్పుడు బృందానికి సైన్సు ల్యాబు అటెండరు ల్యాబులోనే చోటిస్తానని ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఆయన ఇంట్లో పనిచేసే గడియారం ఒక్కటీ లేదట, అన్నీ విప్పేశాడట. చేతిమాటల పాఠానికి లైబ్రరీ మేడమ్ గది ఇస్తానంది, తనూ కూర్చుని నేర్చుకుంటానంది, నేర్పేది ఆ అమ్మాయే. పదకొండు మంది అయ్యారు. ఆరుగురు మిగిలారు.

ఆ ఆరుగురినీ మెట్ల దగ్గర పోగుచేసి అడిగితే, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"తెలీదు అంకుల్" అన్నాడు కొసన ఉన్నవాడు.

"తెలీకుండా టిక్కెందుకు పెట్టావు నాన్నా?"

"తెలీదనే పెట్టా. తెలిస్తే తోటపనికో దేనికో పెట్టేవాణ్ణిగా."

జడలో పెన్సిలు దోపుకున్న పొడుగుపిల్ల ముందుకొచ్చింది. "మా అక్క చేసే ఉద్యోగం మా అమ్మ చదువుకునేటప్పుడు లేదంట అంకుల్. మరి నేను పెద్దయ్యాక చెయ్యబోయే పని ఇంకా పుట్టిందో లేదో. దాని పేరు మీ లిస్టులో ఎలా ఉంటుంది? మొదలైనవిలోనే ఉంటుంది."

గుమాస్తా మెట్టు మీద కూర్చుండిపోయాడు. ముప్ఫై ఏళ్ళనాటి ఒక గది గుర్తొచ్చింది. టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. బల్లకు అవతల నలుగురు పెద్దమనుషులు. నాలుగో ప్రశ్నకు ఆయన, "తెలీదండి, తెలుసుకుని చెబుతాను" అన్నాడు. "తెలీదనేవాడు పాఠమేం చెబుతాడయ్యా?" అన్నారు వాళ్ళు. అంతటితో సరి. ఆ తర్వాత గుమాస్తా ఉద్యోగం వచ్చింది, చేరాడు. ఇరవయ్యారేళ్ళలో కొన్ని వేల గళ్ళలో కొన్ని వందల మంది పేర్లు తగిలించాడు. తన పేరున్న చీటీ ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు గానీ, బోర్డు ముందు నిలబడ్డ ప్రతిసారీ మనసులో కలుక్కుమనేది.

గది సంగతి తేలిగ్గానే తేలింది. కింద విరిగిన బల్లలు పడేసిన గది తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. ఆరుగురూ కలిసి పావుగంటలో బల్లలన్నీ ఒక మూలకు తోసేశారు. దుమ్ముకు తుమ్మేవాళ్ళు తుమ్ముతున్నారు, నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు.

గురువే దొరకలేదు. డ్రాయింగు సారును అడిగాడు, ఆటల టీచరును అడిగాడు. అందరిదీ ఒకే ప్రశ్న. "ఏం చెప్పాలి?" "తెలీదండి." "తెలీకుండా ఎలా చెబుతామండీ?" వాళ్ళనీ తప్పుపట్టడానికి లేదు. భోజనాల గంటకు ఇంకా పదినిమిషాలుంది. గుమాస్తా ఆఫీసులోకి వచ్చి బోర్డు ముందు చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. ఆఖరి గంట నిలువు వరుసలో ఒక్క గడి బోసిగా కనిపిస్తోంది.

కిటికీలో పెన్సిలు జడ కనబడింది.

"అంకుల్, మీరే రావచ్చుగా?"

"నాకేం తెలుసమ్మా?"

"మాకూ తెలీదుగా. సరిపోతాం."

గుమాస్తాకు పుట్టింది భయమో సంతోషమో పోల్చుకునే తీరిక లేదు. కళ్ళజోడు నుదుటిమీంచి కళ్ళమీదికి లాక్కుని హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళాడు. లెక్కల సారు అక్కడే ఉన్నాడు, చేతిలో పాత పేపర్ల కట్ట.

"మూడూ దొరికాయండి" అన్నాడు గుమాస్తా. "గురువు స్థానంలో... నేను ఉంటానండి."

"ఏం చెబుతారు?" అంది ఆవిడ.

ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే ప్రశ్న, అలాంటిదే బల్ల. అబద్ధం ఆడదామనుకున్నాడు ఒక్క క్షణం. నోరు రాలేదు.

"తెలీదండి. వాళ్ళని రోజూ ఒక పని దగ్గరికి తీసుకెళ్తాను. పోస్టాఫీసు, ప్రెస్సు, మందుల షాపు. చూస్తారు, అడుగుతారు, ఏం నచ్చిందో రాసుకుంటారు. ఏదీ నచ్చకపోతే అదీ రాసుకుంటారు. నేనూ రాసుకుంటాను."

లెక్కల సారు నిట్టూర్చాడు. "పరీక్షలో తెలీదని రాస్తే మార్కులు వెయ్యరండీ."

"నిజమేనండి. అందుకే ముందు ఇక్కడ రాయించేస్తాను."

హెడ్మిస్ట్రెస్ ఫక్కున నవ్వింది. "నేనూ మూడు ఉద్యోగాలు మారితేగానీ నాకేం కావాలో నాకు తెలీలేదు" అంటూ కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది. "రేపట్నుంచి బయటికి తీసుకెళ్ళే ముందు ఇళ్ళకి కబురు పంపండి. ఇవాళ్టికి గదిలోనే. వెళ్ళి చీటీ తగిలించండి."

చీటీ తగిలిద్దామంటే రంగులన్నీ అయిపోయాయి. ఒక్కో టీచరుకూ ఒక్కోటి ఇచ్చేసి తనకంటూ ఏదీ ఉంచుకోలేదాయె. చివరికి తెల్లకాగితమే కత్తిరించి పేరు రాసుకున్నాడు. ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ తప్పు లేకుండా రాసే మనిషి, సొంత పేరులో ఒక కొమ్ము మరిచిపోయాడు. మళ్ళీ కత్తిరించి మళ్ళీ రాశాడు. తగిలించగానే భోజనాల గంట కొట్టారు.

అన్నం కేరేజీ విప్పకుండానే ఇంటికి ఫోను చేశాడు.

"సాయంత్రం కాస్త ఆలస్యంగా వస్తానే. ఆఖరి గంట నాకు క్లాసు."

"క్లాసా? ఎవరు పీకారు?" అంది భార్య కంగారుగా. "ఆ లెక్కలాయనేనా? ఏం తప్పు చేశారు?"

"పీకించుకోవడం కాదే. చెప్పడం. పిల్లలకి."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "మావయ్యగారుంటే ఎంత పొంగిపోయేవారో! ఇంతకీ ఏ చొక్కా వేసుకెళ్ళారు?"

"మోచేతి దగ్గర సిరా మరక ఉందే, అది."

"నా ఖర్మ! చేతులు మడుచుకోండి. అన్నం పూర్తిగా తినండి, ఆరాటంలో సగం వదిలెయ్యకండి."

సగమే తిన్నాడు. మిగతా మధ్యాహ్నమంతా ఫీజు రసీదులు తిరగేశాడు గానీ ఒక్కటీ బుర్రకెక్కలేదు. గడియారం మాత్రం అయిదు నిమిషాలకొకసారి చూశాడు. విప్పుడు బృందం ఒక పాత రేడియోను పల్లకీలో మోసుకెళ్ళినట్టు వరండాలో మోసుకెళ్ళింది. లైబ్రరీ వైపు వెళ్తున్న అమ్మాయిలు నోరు మెదపకుండా చేతులతో ఏదో అనుకుని విరగబడి నవ్వారు.

ఆఖరి గంట కొట్టారు. గుమాస్తా లేచాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు. రిజిస్టరు ముయ్యలేదు, పెన్ను మూత పెట్టలేదు. పాఠం చెప్పడానికని ఆ కుర్చీ ఖాళీ అవడం ఇరవయ్యారేళ్ళలో ఇదే మొదటిసారి. అయినా ఎవరూ గమనించలేదు. గుమ్మం దాటి, ఒకసారి ఆగి, గొంతు సవరించుకుని, విరిగిన బల్లల గది వైపు నడిచాడు. నాలుగడుగులు నడిచాక అది నడకలా లేదు. దాదాపు పరుగే.

కొద్దిసేపటికి ఎవరో పిల్లాడి తండ్రి సర్టిఫికెట్టు కోసం వచ్చి ఆఫీసు కిటికీ తట్టాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది, మనిషి లేడు. దూరంగా ఏ గదిలోంచో ఆరుగురు పిల్లలు ఒకేసారి ఏదో అడుగుతున్న గోల వినిపిస్తోంది. ఆయన మళ్ళీ తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కిటికీ అద్దానికి ఒక తెల్లకాగితం అంటించి ఉంది, బంక ఇంకా ఆరలేదు. దానిమీద ‘క్లాసులో ఉన్నాను, కూర్చోండి’ అని రాసి ఉంది. ‘క్లాసులో’ అన్న మాటమీద మాత్రం పెన్ను రెండు మూడుసార్లు తిరిగినట్టుంది, ఆ అక్షరాలు మిగతావాటికంటే లావుగా ఉన్నాయి.